రెండు గర్భసంచుల చుంచెలుక

2000 ఏప్రిల్‌లో సౌదీ అరేబియాలోని జెద్దాలో 26 ఏళ్ల మహిళకు మరో మహిళ గర్భసంచిని అమర్చారు. ఆరేళ్ల కిందట కాన్పు తర్వాత రక్తస్రావం ఆగకపోవడంతో ఆమె గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. దాత వయసు 46. అండాశయంలో తిత్తులున్నాయని ఆవిడకు ఎలాగూ ఆపరేషన్ చేస్తున్నారు కాబట్టి, అప్పుడు తీసిన గర్భసంచిని ఈమెకు పెట్టారు. హార్మోన్లు ఇస్తే రెండుసార్లు నెలసరి కూడా వచ్చింది. 99వ రోజుకు దాన్ని తీసేయక తప్పలేదు. రక్తనాళాల్లో గడ్డలు కట్టి, రక్తం అందక గర్భసంచి చచ్చుబడిపోయింది.

జంతువుల్లో తగినంత పని జరగకుండానే, అలా అమర్చిన గర్భసంచిలో గర్భం నిలుస్తుందని చూపకుండానే మనిషి మీదకు వెళ్లారన్నది అప్పట్లో వచ్చిన ప్రధాన విమర్శ. ఆ విమర్శ సరైనదేనని నా అభిప్రాయం. అయితే ఎవరిది తప్పు అన్నదానికన్నా ఆ గర్భసంచి ఎలా చచ్చిపోయిందన్నది మనకు ఎక్కువ చెబుతుంది. తర్వాత పన్నెండేళ్లపాటు చుంచెలుకల (మౌస్) మీద, ఎలుకల (ర్యాట్) మీద, గొర్రెల మీద, కోతుల మీద జరిగిన పనంతా దాని చుట్టూనే తిరిగింది.

మామూలుగా గర్భసంచి తీసేసేటప్పుడు డాక్టర్లు దానికి వచ్చే రక్తనాళాలను గర్భసంచి అంచుకు దగ్గరగా బిగించి కోసేస్తారు. బయటికొచ్చేదాన్ని మళ్లీ వాడేది లేదు కాబట్టి ఆ పద్ధతి సురక్షితం, సులువు కూడా. గర్భసంచి తొలగింపు ఆపరేషన్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. మన ఇళ్లలో చాలామందికి ఈ ఆపరేషన్ తెలుసు. కానీ అదే గర్భసంచిని ఇంకొకరికి పెట్టాలంటే దాని వెంట పొడవాటి ధమనులూ సిరలూ రావాలి. జెద్దాలో అవి పొట్టిగా వచ్చాయి. కాలి నుంచి తీసిన సిర ముక్కలతో వాటిని పొడిగించి కటి రక్తనాళాలకు కలిపారు. గర్భసంచిని పట్టి ఉంచే ఆధారం కూడా సరిగా కుదరలేదు. అది కిందికి జారి, నాళాలు లాగినట్టయి మెలికపడి ఉంటాయని ఆ బృందమే రాసింది. మెలికపడిన చోట రక్తం నెమ్మదిస్తుంది, నెమ్మదించిన చోట గడ్డ కడుతుంది.

కాబట్టి ముందు తేలాల్సింది ఇది: చిన్న నాళాలను ఎలా తీసి, దేనికి కలిపితే రక్తం ఆగకుండా పారుతుంది? దాని వెనకే ఇంకో మూడు నాలుగు ప్రశ్నలున్నాయి. నరాలు తెగిపోయిన గర్భసంచి గర్భాన్ని మోయగలదా? బయట చల్లగా ఎంతసేపు ఉంచొచ్చు? ఒంటికి పరాయిదైన అవయవాన్ని తిరస్కరించకుండా మందులు ఆపగలవా? ఆ మందుల మధ్య పెరిగిన పిండం ఆరోగ్యంగా పుడుతుందా? ఇవన్నీ ఒకే మనిషిలో ఒకేసారి అడిగితే, విఫలమైనప్పుడు ఏది దెబ్బకొట్టిందో తెలియదు. ఒక్కో ప్రశ్ననూ విడదీసి, దానికి తగిన జంతువును ఎంచుకుని అడగడమే ఈ పరిశోధన ప్రాణం.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో గైనకాలజిస్ట్ మాట్స్ బ్రాన్‌స్ట్రామ్ బృందం 1999లో ఈ పని మొదలుపెట్టింది. అంతకుముందు ఏడాది ఆయన ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పనిచేస్తున్నప్పుడు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చిన ఒక యువతికి, గర్భసంచి తీసేయాలని చెప్పాల్సి వచ్చింది. మరైతే ఇంకొకరిది పెట్టలేరా, మా అమ్మది తీసుకోలేరా అని ఆమె అడిగిందట. ఈ రంగానికి బీజం ఒక రోగి వేసిన ప్రశ్న.

నిజానికి అంతకుముందూ ప్రయత్నాలు జరిగాయి. 1966లో అమెరికాలోని మిసిసిపీలో జేమ్స్ హార్డీ బృందం కుక్కల గర్భసంచినీ అండాశయాలనూ తీసి, మళ్లీ అదే కుక్కకు నాళాలు కలిపి పెట్టింది. గర్భం కూడా నిలిచింది. కానీ 1978లో ఇంగ్లండ్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టాక అందరి చూపూ అటు మళ్లింది. ఫెలోపియన్ నాళాలు మూసుకుపోయిన ఆడవాళ్లకు దారి దొరికింది. అసలు గర్భసంచే లేనివాళ్ల సంగతి అలాగే మిగిలిపోయింది. దాదాపు 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరు గర్భసంచి లేకుండానే పుడతారు. అండాశయాలు బాగానే ఉంటాయి, యవ్వన లక్షణాలన్నీ వస్తాయి. నెలసరి మాత్రం రాదు. ఎందుకు రావడం లేదో పదహారు పదిహేడేళ్లకు స్కానింగ్‌లో బయటపడుతుంది.

గోథెన్‌బర్గ్ బృందం కుక్కలతో కాకుండా చుంచెలుకలతో మొదలుపెట్టింది. పట్టుమని పాతిక గ్రాములు తూగే జీవి మీద ఇంత పెద్ద ఆపరేషన్ ఎందుకు? కారణం జన్యువులు. తరతరాలుగా దగ్గరి సంబంధంలోనే జత కట్టించి పెంచిన ల్యాబ్ చుంచెలుకలు జన్యుపరంగా ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉంటాయి. ఒకదాని అవయవాన్ని ఇంకోదానికి పెడితే ఒళ్లు దాన్ని పరాయిదిగా గుర్తించదు, తిరస్కరించదు. అంటే తిరస్కరణ సమస్యను పూర్తిగా పక్కన పెట్టి, కుట్టు పని చేసిందా లేదా, గర్భం నిలిచిందా లేదా అన్నది మాత్రమే చూడొచ్చు. పైగా చుంచెలుక గర్భకాలం మూడు వారాలు కూడా నిండదు. అదీకాక మనిషిలోలాగే చుంచెలుకలోనూ మాయ (ప్లాసెంటా) తల్లి కణజాలంలోకి చొచ్చుకుపోయి నేరుగా తల్లి రక్తాన్ని అందుకుంటుంది.

కష్టమంతా చేతి పనిలో ఉంది. చుంచెలుక గర్భసంచి మనదిలా ఒకే సంచిగా ఉండదు. ఇంగ్లిష్ వై అక్షరంలా రెండు కొమ్ములుగా చీలి, కింద ముఖద్వారం దగ్గర కలుస్తుంది. దానికి రక్తం తెచ్చే ధమని ఎంత సన్నమంటే, దాన్ని నేరుగా పట్టుకుని కుట్టే ప్రయత్నం చేయరు. అందుకే దాత చుంచెలుక నుంచి ఒక కొమ్మునూ ముఖద్వారాన్నీ, వాటికి రక్తం తెచ్చే నాళాలనూ, అవి పుట్టే పెద్ద నాళాల దాకా ఒకే గొలుసుగా విడదీస్తారు. అంటే బృహద్ధమని ముక్క, మహాసిర ముక్క కూడా వెంట వస్తాయి. దారిలో పేగుకూ కాలికీ వెన్నుకూ వెళ్లే ప్రతి చిన్న శాఖనూ ముడివేయాలి. ఒక్కటి మరిచిపోయినా, రక్తం వదిలిన క్షణంలో అక్కడి నుంచి కారుతుంది. పాతిక గ్రాముల ప్రాణిలో ఉండే రక్తమే రెండు మిల్లీలీటర్లకు కాస్త అటూ ఇటూ. కొన్ని చుక్కలు పోయినా ప్రాణం మీదికొస్తుంది.

తర్వాత ఆ గర్భసంచి నాళాల్లోంచి రక్తమంతా కడిగేస్తారు. రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ కలిపిన చల్లని ద్రవం ఎక్కిస్తే, ఎర్రగా ఉన్న కొమ్ము తెల్లబడుతుంది. ఇక స్వీకర్త, అంటే గర్భసంచిని అందుకునే చుంచెలుక. మూత్రపిండాల కింద దాని బృహద్ధమనికీ మహాసిరకూ పైనా కిందా చిన్న క్లాంపులు పెట్టి రక్తం ఆపుతారు. మైక్రోస్కోప్ కింద ఆ నాళాల పక్కగోడలో సన్నగా చీలిక పెట్టి, దాత నాళం కొసను ఆ చీలికకు కుడతారు. పెద్ద కాలువ గట్టుకు గండి పెట్టి పిల్లకాలువను కలిపినట్టన్నమాట. పెద్ద కాలువ పారకం ఆగకూడదు, పిల్లకాలువకు నీళ్లు అందాలి. దారం నైలాన్. మైక్రోసర్జన్లు టెన్-జీరో, లెవెన్-జీరో అని పిలిచే రకాలివి. లెవెన్-జీరో దారం మందం 20 మైక్రాన్లలోపే ఉంటుంది. తల వెంట్రుక దానికి మూడు నాలుగు రెట్లు.

ఈ కుట్టులో జరిగే అతి మామూలు పొరపాటు ముందు గోడ కుడుతున్నప్పుడు సూది వెనక గోడనూ పట్టుకోవడం. బయటికి కుట్టు నీటుగా కనిపిస్తుంది, లోపల దారి మూసుకుపోయి ఉంటుంది. రెండో ప్రమాదం నాళం అంచు లోపలికి మడతపడటం. నాళం లోపలి పొర నున్నగా ఉన్నంతవరకే రక్తం గడ్డకట్టదు. బయటి పొర పీచు ఒక్కటి లోపలికి తొంగిచూసినా చాలు, అక్కడ గడ్డ మొదలవుతుంది. ఇక సిర కథ వేరే. ధమని గోడకు కాస్త బిరుసుంటుంది కాబట్టి కోసినా నోరు తెరుచుకుని ఉంటుంది. సిర గోడ పలచన, రక్తం లేకపోతే తడి కాగితంలా అతుక్కుపోతుంది. నోరెక్కడో తెలియదు. ద్రవం కొద్దిగా చల్లి ఉబ్బించుకుంటూ కుట్టాలి. గర్భసంచి మార్పిడి గురించి మాట్లాడేటప్పుడు అందరూ ధమని గురించే ఆలోచిస్తారు. రక్తం వచ్చే దారి ఉండి పోయే దారి లేకపోతే అవయవం ఉబ్బి, నల్లబడి, లోపలే రక్తం గడ్డకట్టి చస్తుంది. చుంచెలుక నుంచి మనిషి దాకా ఎక్కువ టెన్షన్ పెట్టింది సిరేనని ఈ పరిశోధన చదివేకొద్దీ నాకు అనిపిస్తుంది.

నాళం సన్నబడితే ఎందుకంత తేడా? గొట్టంలో ప్రవాహం దాని వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. కుట్టు దగ్గర వ్యాసం సగానికి తగ్గితే, అదే ఒత్తిడికి ఆ చోట పారగలిగేది పదహారో వంతే. మామూలప్పుడు గర్భసంచికి నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం వెళ్తే, నెలలు నిండేసరికి స్త్రీలలో అది 500 నుంచి 700 మిల్లీలీటర్లు అవుతుంది. ఈరోజు సరిపోయిందనిపించే కుట్టు గర్భం పెరిగాక సరిపోకపోవచ్చు. అందుకే గర్భసంచి ఎర్రగా, బతికి ఉందంటే చాలదు. బిడ్డ పుట్టేదాకా పరీక్ష పూర్తయినట్టు కాదు.

గోథెన్‌బర్గ్ వాళ్లు ఇక్కడ తెలివైన పని చేశారు. స్వీకర్త చుంచెలుక సొంత గర్భసంచిని తీయలేదు. దాని పక్కనే కొత్తదాన్ని పెట్టారు. కొత్త గర్భసంచి ముఖద్వారాన్ని యోనికి కలపకుండా పొట్ట చర్మం మీదికి చిన్న రంధ్రంగా తెరిచారు. లోపల ఊరే స్రావాలు బయటికి పోవడానికి దారి అది. ఇప్పుడు ఒకే చుంచెలుకలో రెండు గర్భసంచులున్నాయి. రెండిటికీ అవే హార్మోన్లు, అదే రక్తం, అదే తిండి. తేడా ఒక్కటే: ఒకటి కుట్టింది, ఇంకోటి పుట్టుకతో వచ్చింది. పోల్చడానికి ఇంతకన్నా న్యాయమైన ఏర్పాటు దొరకదు. ఈ పద్ధతిని 2002లో ప్రచురించారు. 2003లో అలా అమర్చిన గర్భసంచిలోకి తొలిదశ పిండాలను ప్రవేశపెట్టి, సిజేరియన్‌తో పిల్లలను బయటికి తీశారు. పిల్లలు మామూలు బరువుతో పుట్టి, మామూలుగానే పెరిగాయి. వాటికీ సంతానం కలిగింది.

ఆ ఒక్క ఫలితంతో రెండు అనుమానాలు తీరాయి. నరాలన్నీ తెగిన గర్భసంచిలో పిండం అతుక్కుంటుంది, మాయ ఏర్పడుతుంది, పిల్ల పెరుగుతుంది. పక్కదారిన వచ్చే రక్తంతోనూ గర్భం నిలుస్తుంది. తీసిన గర్భసంచిని చల్లని ద్రవంలో 24 గంటలు ఉంచి తర్వాత అమర్చినా చుంచెలుకల్లో గర్భం వచ్చిందని అదే బృందం చూపింది. ఏళ్ల తర్వాత బ్రెజిల్‌లోని సావో పాలోలో, చనిపోయిన దాత నుంచి తీసిన గర్భసంచి దాదాపు 8 గంటలు రక్తం లేకుండా ఉండి కూడా పనిచేసింది. 2017 డిసెంబర్‌లో దాన్ని పెట్టించుకున్న మహిళకు ఆడపిల్ల పుట్టింది. మరణించిన దాత గర్భసంచి నుంచి పుట్టిన మొదటి బిడ్డ ఆ పాపే.

ఆ తర్వాతే తిరస్కరణ ప్రశ్నను లోపలికి రానిచ్చారు. జన్యువులు వేరైన చుంచెలుకల మధ్య, మందులేమీ ఇవ్వకుండా మార్పిడి చేస్తే కొద్ది రోజుల్లోనే తెల్ల రక్తకణాలు గర్భసంచి గోడలో గుంపులు కట్టాయి. వారాల్లో కణజాలం కుళ్లింది. తిరస్కరణను అణిచే సైక్లోస్పోరిన్ మందు ఒక్కటే ఇస్తే పూర్తిగా ఆగలేదు. అప్పుడు ఎలుకలకు మారారు. ఎలుక చుంచెలుకకన్నా పదింతలు పెద్దది. సొంత గర్భసంచి తీసేసి, అదే చోట కొత్తది పెట్టి, యోనికి కలిపి, మగ ఎలుకతో సహజంగా జత కట్టనివ్వొచ్చు. టాక్రోలిమస్ అనే మందు ఇచ్చిన ఎలుకల్లో పరాయి గర్భసంచిలోనూ గర్భం నిలిచిందని 2010లో తేలింది. మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవాళ్లు మన దగ్గర రోజూ వేసుకునే మందే అది.

ఇలా చిన్న జంతువులతో జీవశాస్త్రం తేలింది, సర్జరీ తేలలేదు. ఎలుక పొట్టలో పనిచేసిన పద్ధతి స్త్రీ కటి లోతుల్లో పనిచేయాలని లేదు. మనిషిలో బృహద్ధమని ముక్కను వెంట తీయడం కుదరదు, దాత బతకాలి కదా! గొర్రె, పంది ఇక్కడ పనికొచ్చాయి. వాటి నాళాలు మనవాటికి దగ్గరి సైజులో ఉంటాయి. గొర్రె గర్భసంచినే తీసి, కడిగి, తిరిగి అదే గొర్రెకు కటి నాళాలతో కలిపి పెట్టారు. తన అవయవమే కాబట్టి తిరస్కరణ ఉండదు. చుంచెలుకల్లో జన్యు సారూప్యం చేసిన పనిని ఇక్కడ ఈ ఉపాయం చేసింది. అలాంటి గొర్రెలు చూలు కట్టి ఈనాయని 2010లో స్వీడిష్ బృందం ప్రకటించింది. వేరే గొర్రె గర్భసంచితో గొర్రెపిల్ల పుట్టిన సంగతి 2011లో ఎడ్విన్ రామిరెజ్ బృందం ప్రచురించింది. అయితే గొర్రె మాయ తల్లి కణజాలంలోకి చొచ్చుకుపోదు, పైపైన అతుక్కుంటుంది. కాబట్టి సర్జరీ విషయంలో గొర్రె మాట నమ్మొచ్చు, మాయ విషయంలో చుంచెలుక మాట వినాలి. ఏ జంతువూ మొత్తం కథ చెప్పదు.

చివరి మెట్టు కోతులు. కెన్యా రాజధాని నైరోబీలోని ప్రైమేట్ పరిశోధనా సంస్థలో గోథెన్‌బర్గ్ బృందం బబూన్ల మీద పనిచేసింది. ఇక్కడ ఫలితాలు తడబడ్డాయి, నేర్పింది మాత్రం చాలా. గర్భసంచిని లోతైన కటి నుంచి నాళాలతో సహా విడదీయడం గంటల తరబడి సాగింది. కొన్నింటికి గడ్డలు కట్టాయి. నెలసరి తిరిగొచ్చిన బబూన్లను జత కట్టించినా గర్భం రాలేదు. చూస్తే ఫెలోపియన్ నాళాలు మూసుకుపోయాయి. మనిషిలో ఆ నాళాలను వెంట తీసుకురాకుండా, ముందే ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ పద్ధతి) చేసి పిండాలను గడ్డకట్టించి దాచుకుని, తర్వాత నేరుగా గర్భసంచిలో పెడుతున్నారు. ఆ దారి ఎందుకు మేలో బబూన్లు చూపించాయి.

జపాన్‌లో కెయో విశ్వవిద్యాలయ బృందం ఇంకా చిన్న కోతులను, మూడు నాలుగు కిలోల మకాక్‌లను ఎంచుకుంది. వాటి గర్భాశయ ధమని మిల్లీమీటరు అటూ ఇటూ. అంటే మళ్లీ మైక్రోసర్జరీయే. ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును రక్తంలోకి ఎక్కించి, ప్రత్యేక కెమెరాతో చూస్తే రక్తం అందుతున్న భాగమంతా వెలుగుతుంది. ఒకవైపు ధమని ఒక్కటే కలిపితే చాలా, రెండూ కావాలా అన్నది ఆపరేషన్ బల్ల మీదే అంచనా వేయొచ్చు. తన గర్భసంచినే తిరిగి పెట్టించుకున్న మకాక్‌కు పిల్ల పుట్టిందని 2012లో వాళ్లు ప్రచురించారు. వేరే కోతి గర్భసంచితో పిల్ల పుట్టిన నివేదిక 2020లో వచ్చింది. అప్పటికి మనుషుల్లో ఆ పని ఎప్పుడో జరిగిపోయింది.

2012 సెప్టెంబర్ నుంచి 2013 దాకా గోథెన్‌బర్గ్‌లో తొమ్మిది మంది స్త్రీలకు మార్పిడి చేశారు. బతికున్న దాతలు, ఎక్కువగా తల్లులు. దాత ఆపరేషన్‌కు 10 నుంచి 13 గంటలు పట్టింది. గర్భసంచి నుంచి వచ్చే లోతైన సిరలు మూత్రనాళాన్ని చుట్టుకుని ఉంటాయి, వాటిని చిట్లకుండా విడదీయాలి. మళ్లీ సిర దగ్గరే! తొమ్మిదిలో రెండిటిని కొద్ది నెలల్లో తీసేయాల్సి వచ్చింది, ఒకటి గడ్డ కట్టి, ఇంకోటి ఇన్ఫెక్షన్‌తో. 2014 సెప్టెంబర్‌లో మొదటి బిడ్డ, మగపిల్లాడు, 32వ వారంలోనే పుట్టాడు. బరువు 1,775 గ్రాములు. తల్లికి బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా రావడంతో ముందే సిజేరియన్ చేశారు. దాత ముట్లుడిగిన 61 ఏళ్ల కుటుంబ స్నేహితురాలు. మన దేశంలో పుణెలోని గెలాక్సీ కేర్ ఆసుపత్రిలో 2017 మేలో శైలేష్ పుణతాంబేకర్ బృందం తల్లి గర్భసంచిని కూతురికి పెట్టింది. దాత నుంచి తీసే పనిని ల్యాప్రోస్కోపీతో చేశారు. 2018 అక్టోబర్‌లో ఆడపిల్ల పుట్టింది. తాను పెరిగిన గర్భసంచిలోనే తన బిడ్డనూ పెంచుకుంది ఆ తల్లి.

ఈ లెక్కలో జంతువుల ప్రాణాలూ ఉన్నాయి. వాటిని మరిచిపోయి మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. గర్భసంచి లేకపోతే మనిషి చనిపోరు. గుండె, కాలేయం కోసం చేసే పరిశోధనకు ఇచ్చే సమాధానం దీనికి చాలదని అనేవాళ్లున్నారు, వాళ్ల వాదనలో బలముంది. నా మటుకు నాకు తేల్చి చెప్పేది జెద్దా ఉదంతమే. కుట్టు నేర్చుకునే చోటు స్త్రీ ఒళ్లు కాకూడదు. అలాగే ప్రశ్న స్పష్టంగా లేని ప్రయోగానికి ఒక్క చుంచెలుకను కూడా బలిపెట్టకూడదు. రెండు గర్భసంచుల ఏర్పాటు ఆ రెండో మాటను నిలబెట్టింది. ప్రతి జంతువు తనకు తానే పోలిక అయినప్పుడు తక్కువ జంతువులతోనే జవాబు దొరుకుతుంది.

జంతువులు చెప్పలేనివీ ఉన్నాయి. ప్రీఎక్లాంప్సియా ముప్పు ఎంతో చుంచెలుక చెప్పదు. తిరస్కరణ మొదలైందని స్త్రీకి నొప్పి రూపంలో తెలియదు, నరాలు లేవు కదా. అందుకే ముఖద్వారం నుంచి చిన్న ముక్క తీసి క్రమం తప్పకుండా పరీక్షిస్తారు. మిగతా అవయవాల్లా దీన్ని జీవితాంతం ఉంచుకోనక్కర్లేదు. ఒకటి రెండు కాన్పుల తర్వాత తీసేస్తే మందులూ ఆపేయొచ్చు. మూత్రపిండాలకు చేటు చేసే టాక్రోలిమస్‌ను దశాబ్దాలపాటు మింగే అవసరం తప్పుతుంది.

ఆ మందులే అవసరం లేకుండా చేయగలమా అన్న ప్రశ్నతో పరిశోధన మళ్లీ చిన్న జంతువుల దగ్గరికి వెళ్లింది. గర్భసంచిలోని కణాలన్నిటినీ కడిగేసి, మిగిలిన చట్రాన్ని స్వీకర్త సొంత కణాలతో నింపే పని గోథెన్‌బర్గ్‌లో ఎలుకల మీద జరుగుతోంది. అమెరికాలోని వేక్ ఫారెస్ట్‌లో ఆంథొనీ అటాలా బృందం కరిగిపోయే పదార్థంతో చట్రం చేసి, కుందేలు సొంత కణాలను అందులో పెంచి, అదే కుందేలు గర్భసంచిలో కొంత భాగాన్ని దానితో మార్చింది. ఆ భాగంలో పెరిగిన కుందేలు పిల్లలు ప్రాణాలతో పుట్టాయని 2020లో ప్రచురించింది. అది గర్భసంచిలో ఒక ముక్క మాత్రమే. మొత్తం గర్భసంచిని అలా తయారుచేసినా, దానికి రక్తం తెచ్చే ధమనినీ తీసుకెళ్లే సిరనూ ఎవరో ఒకరు మైక్రోస్కోప్ కింద కూర్చుని కుట్టాల్సిందే.